నాయన బతికుండగా

తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. వాషర్‌మెన్‌పేట్‌లో పప్పుల టోకు వ్యాపారం చేసే ధర్మలింగం ఇంట్లో ఎవరూ మీరని కట్టుబాటు అది. అందుకే సైన్యంలో చేరి, శిక్షణ మధ్యలో సెలవు మీద వచ్చిన కొడుకు కిట్టు నున్నటి మూతి చూసి ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"నేను చచ్చినానని ఎవురు చెప్పినారు రా నీకు?"

"ఆడ అందురూ గీసుకోవాల నాయనా. ఆర్డరు."

సెలవు పొడుగునా ఆయన కొడుకుతో మాట్లాడలేదు. ఆఖరి రోజున మాత్రం, "మీసం తీయించే ఉద్యోగం మనకొద్దు. ఈడనే ఉండి అంగడి చూసుకో" అన్నాడు.

నిజానికి కిట్టుకి కావలసిందీ ఆ మాటే. అక్కడ ఒక్కరోజు కూడా మనసు నిలవలేదు. తెల్లారకముందే పరుగు, ముద్ద మింగేలోపే ఈల, సగం అర్థమయ్యే హిందీలో తిట్లు. మళ్ళీ వెళ్ళకూడదనుకునే ఇంటికి వచ్చాడు. తండ్రే దారి చూపిస్తుంటే ఎగిరి గంతేయాలి. కానీ అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడ శిక్షణలో, అందరూ మీసాలు తీసేయాలని ఆర్డరు వచ్చిన రోజు పొద్దున, మా నాయన బతికే ఉన్నాడు, నేను గీసుకోనని కిట్టు మొండికేశాడు. శిక్షణ ఇచ్చే ఉస్తాదు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నీడలో నిలబెట్టి, మిగతా జట్టంతటి చేతా ఇసుక మూటలు మోయిస్తూ ఎండలో పరిగెత్తించాడు. ఒకడు తప్పు చేస్తే అందరికీ శిక్ష, అదీ అక్కడి న్యాయం. ఆ పరుగులో తొండియార్‌పేట కుర్రాడు చిన్నసామి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. తండ్రి లేని పిల్లవాడు. ఇక పనికిరావని ఇంటికి పంపేశారు. ఆ సాయంత్రం కిట్టు తనంతట తనే మీసం గీసేసుకున్నాడు. ఉస్తాదుని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తనని తలుచుకుంటే ఇంకా మండుతుంది.

ఇదంతా తండ్రి ముందు కక్కేసి, "నీ కోసరం పట్టుబట్టినా. వాడి కాలు పాయె. ఇప్పుడు నన్ను అంగట్లో కూచోమంటావా?" అన్నాడు.

కిట్టు సంచీ భుజాన వేసుకుని తొండియార్‌పేట వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆ గడప తొక్కడానికి ముఖం చెల్లలేదు. చిన్నసామి వాకిట్లో కాలు చాపుకుని కూర్చున్నాడు, పక్కన ఊతకర్ర. కిట్టు మూతి వైపు చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు తీసినావు?"

"ఆ పొద్దు సాయంత్రమే."

"పొద్దున్నే తీసుంటే, ఈరోజు నేను కూడా నీతో రైలెక్కుదును గదరా."

చిన్నసామి ఊతకర్ర అందుకుని, మెల్లిగా లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కిట్టు భుజాన సంచీ సర్దుకుని, సెంట్రల్ స్టేషన్‌కి బస్సెక్కాడు.