బొగ్గు ఊరి వియ్యాలవారు

పోయిన వారం మావారిని రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్తే బండి ఆలస్యమైంది. ఈలోగా పక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఒకటి తాపీగా సాగిపోయింది. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళంతా ముక్కులకు కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని ఇటు తిరిగారు. నేను మాత్రం చివరి డబ్బా కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. "ఏందే, సుట్టాలు పోతున్నట్టు సూస్తున్నవ్?" అని మావారు నవ్వారు. చుట్టాలే మరి. మా వియ్యాలవారిది బొగ్గు ఊరు. ఆ చుట్టరికం కలిసిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గూ, బోలెడంత నవ్వూ వస్తాయి.

మేముండేది సూరత్ పక్కన జోల్వాలో. కరీంనగర్ వైపు మా ఊళ్ళో చేనేత మగ్గాలు మూలపడ్డ రోజుల్లో మగవాళ్ళకు రెండే దారులు కనిపించాయట. ఒకటి సూరత్ రైలు, రెండోది గోదావరి అవతలి బొగ్గు బాయి, అంటే గని. మా మామగారు పిల్లలతో రైలెక్కారు. అదే వాడకట్టులో ఉండే మా వియ్యంకుడు, అప్పటికింకా మీసాలు సరిగా రానివాడు, బాయి దిగాడు. మావారు ఇక్కడ సాంచల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో పనిచేస్తూ పెద్దవారయ్యారు. ఆయన అక్కడ భూమి లోపల బొగ్గు తవ్వుతూ పెద్దవారయ్యారు. తర్వాత ఊపిరి సమస్య వచ్చి ఆయన ముందుగానే పని మానేస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వచ్చింది. అబ్బాయి బాయిలోకి దిగక్కర్లేదు. పైనుంచి గుట్టంత మట్టి తీసి బొగ్గు తోడే ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. మా అమ్మాయికి సంబంధం చూస్తున్నామని తెలిసి, మొగుడూ పెళ్ళాం ఇద్దరే పిల్లను చూడ్డానికి వచ్చారు. పిల్లవాడికి సెలవు దొరకలేదు.

మా అమ్మాయి సూరత్‌లో పుట్టి పెరిగింది. బట్టల మార్కెట్లో ఒక చీరల దుకాణంలో పని చేసేది. దాని కలలన్నీ తాపీ నదికి అవతల, అడాజన్‌లో ఒక ఫ్లాటు, ఒక స్కూటీ. ఆ రోజు చాయ్ కప్పులు అందించి వంటగదిలోకి వచ్చిందో లేదో, నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, ముఝే నహీ జానా ఉధర్, నేను బోను. ఆడ ఆరేసిన బట్టలు గూడ నల్లగైతయంట!" అంది. గుసగుసే అనుకుంది పాపం. మా ఇంట్లో గదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమే. అవతల నుంచి వియ్యపురాలి గొంతు తాపీగా వినిపించింది: "నిజమే బిడ్డా. తెల్లబట్టలైతె మేం ఇంట్లనే ఆరేస్కుంటం."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. వాళ్ళు మాత్రం ఏమీ పట్టించుకోనట్టు చాయ్ తాగి, మర్నాడు బండికి బయల్దేరుతామన్నారు. ఆ మర్నాడే కరోనా అని అంతా బంద్ అన్నారు. ఒక్కరోజే కదా అనుకుంటే దాని వెనకే దేశమంతా మూసేశారు. రైళ్ళు ఆగాయి. వాళ్ళిద్దరూ సంచులు భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్ళారు. పోలీసులు వెనక్కి తోలారు. గుమ్మంలో నిలబడి ఆయన చెప్పులు విప్పుతూ, "ఏం జేస్తం చెల్లే, వద్దన్న ఇంటికే మళ్ళొచ్చినం" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే ఆయనకు నవ్వొచ్చింది.

అలా మొదలైంది మా కాపురం, అయిదుగురికి రెండు గదులు. మగవాళ్ళు మేడమీద పడుకునేవారు, ఆడవాళ్ళం కింద. మొదట్లో మా అమ్మాయి గోడ వారగా, తల వంచుకుని తిరిగేది. తప్పు చేసి దొరికినవాళ్ళు నడిచినట్టుండేది దాని నడక. ఆ మొహమాటాన్ని వియ్యపురాలే విరగ్గొట్టింది. వియ్యంకుణ్ణి అది "అంకుల్" అని పిలిస్తే, "అంకుల్ ఏందే, బస్సు కండక్టర్ను పిలిచినట్టు? పెండ్లి లేకుంటె మాయె, వరసకైతె మామే గదా" అంది. ఆవిడ సర్వపిండి చేస్తే పక్కింటి గుజరాతీ ఆవిడ ఘుమఘుమకు వచ్చి గుమ్మం బయటే దూరంగా కూర్చుని తిని, బదులుగా చెంబెడు మజ్జిగ ఇచ్చి వెళ్ళేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అత్తల గురించి ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

సాంచలు ఆగిపోయాయి. కాపురానికొచ్చాక ఆ టకటక లేని జోల్వాను నేనెప్పుడూ వినలేదు. చుట్టుపక్కల అద్దకం మిల్లుల పొగగొట్టాలు కూడా ఖాళీగా నిలబడ్డాయి. ఒక సాయంత్రం మేడమీద ఆరిన బట్టలు తీస్తూ మా అమ్మాయి తన తెల్ల దుపట్టాను అటూ ఇటూ తిప్పి చూసింది. "మమ్మీ, ఇది ఇంత తెల్లగుంటదా?" అంది. అప్పుడు గుర్తుకొచ్చింది, మిల్లుల బాయిలర్లలో మండేది కూడా బొగ్గేనని. ఆ మసి ఇన్నేళ్ళుగా మా మేడమీదా పడుతూనే ఉంది. దాన్ని మేం సూరత్ దుమ్ము అని పిలుచుకుంటున్నాం, అంతే. వియ్యంకుడు అక్కడే పిట్టగోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మా అమ్మాయే వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"మామా, బాయిల దిగేటప్పుడు డర్ లగ్తా నహీ? భయం గాదా?" అని అడిగింది.

"లగ్తది బిడ్డా. దినాం లగ్తది. డరున్నోడే ఇంటికొస్తడు."

ఆ సాయంత్రం నుంచి ఇద్దరికీ అదే కాలక్షేపం. లోపల వేసవిలో ఎంత ఉక్కగా ఉంటుందో, పైకప్పు జారేముందు చెక్క దిమ్మెలు ఎలా మూలుగుతాయో, షిఫ్టు దిగి పైకొచ్చాక మొదట కనిపించే వేపచెట్టు ఎంత పచ్చగా ఉంటుందో ఆయన చెబుతుంటే అది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. మధ్యలో వియ్యపురాలు అందుకునేది. ఎంత కడిగినా కనురెప్పల అంచున బొగ్గు పోదట. పెళ్ళైన కొత్తలో ఆవిడ పుట్టింటికెళ్ళి, "అమ్మా, నన్నిచ్చినోడు కండ్లకు కాటుక వెడ్తడే" అని ఏడ్చిందట. మేమంతా పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వి, దగ్గొచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు.

దేశమంతా ఇళ్ళలో కూర్చున్నా బొగ్గు పని ఆగలేదు. కరెంటు కావాలి కదా. అబ్బాయి రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉన్నాడు, దిగాక తల్లికి ఫోన్ చేసేవాడు. ఒక మధ్యాహ్నం టీవీలో తెలుగు వార్తల కింద పరుగెత్తే అక్షరాలను మా అమ్మాయి పైకి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. వాళ్ళ ఊరి ఓపెన్‌కాస్టులో మట్టిగుట్ట జారింది. డంపర్లు చిక్కుకున్నాయి. అబ్బాయిది ఆ షిఫ్టే. ఫోన్ చేస్తే స్విచాఫ్. తెలిసిన వాళ్ళకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. వియ్యంకుడు లేచి చొక్కా వేసుకున్నారు. గుండీలన్నీ పెట్టుకున్నారు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయారు. "బాయి కాడికి ఉరుకుడు అలవాటైన మనిషి. ఈడ యాడికి ఉరుకుతడు?" అని వియ్యపురాలు గోడకు చేరగిలబడింది. మావారు కిందికి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు. మా అమ్మాయి మాత్రం ఫోన్ వదల్లేదు. నొక్కడం, వినడం, మళ్ళీ నొక్కడం.

ఎండ గోడ దిగి గదిలోంచి వెళ్ళిపోయాక ఫోన్ దానంతటదే మోగింది. అబ్బాయే. అతని బండి గుట్టకు అవతల ఉందట. ఇవతలి వాళ్ళను బయటికి తీసే పనిలో పడి ఫోన్ ఛార్జి అయిపోయిన సంగతే మరిచాడట. ఒకతనికి కాలు విరిగింది, ప్రాణాలకు ముప్పు లేదు. అతను ఇదంతా తల్లితో మాట్లాడుతున్నాననుకుని చెబుతున్నాడు. తల్లి ఫోన్ మా అమ్మాయి చేతిలో ఉంది, స్పీకర్లో.

"ఒక్క ఫోన్ చెయ్యనీకి ఏమైంది నీకు? ఈడ మామ చెప్పులేస్కొని గేటు కాడ నిలబడ్డడు. అత్త మంచినీళ్ళు గూడ ముట్టలే. కుచ్ సమఝ్ హై కి నహీ?"

అవతలి నుంచి భయంభయంగా, "మీరెవరు?" అన్నాడు.

"నేను... వద్దన్న పిల్లను" అంది మా అమ్మాయి.

ఫోన్ అత్త ఒళ్ళో పడేసి వంటింట్లోకి పోయి పరదా లాగేసింది. వియ్యపురాలు ఒక కంటితో ఏడుస్తూ, ఒక కంటితో నవ్వుతూ కొడుకుతో, "ఇగ నువ్వు పిల్లను సూసుడు లేదురా. ఆమెనే నిన్ను సూసింది" అంది. నేను కిటికీలోంచి గేటు వైపు అరిచాను, అబ్బాయి క్షేమమని. పెద్దాయన అక్కడే నేలమీద కూర్చుండిపోయారు.

రైళ్ళు కదిలాక వాళ్ళు వెళ్ళారు. ఆ చలికాలంలోనే కొద్దిమందితో పెళ్ళి జరిగింది. తలంబ్రాలప్పుడు మాస్కులు తియ్యమని ఫోటోగ్రాఫర్ బతిమాలుకున్నాడు. మా అమ్మాయి ఇప్పుడు అక్కడి కాలనీలో సూరత్ చీరలు అమ్ముతుంది. మూటలు మోసేది మామగారే. స్కూటీ ఉంది. అడాజన్ ఊసు మళ్ళీ దాని నోట రాలేదు.

కిందటేడు నేను వెళ్ళినప్పుడు వియ్యంకుడు నన్ను ఓపెన్‌కాస్టు చూపిస్తానని ఒక ఎత్తు మీదికి తీసుకెళ్ళారు. కింద మెట్లుమెట్లుగా, మా జోల్వా మొత్తం పట్టేంత గొయ్యి. డంపర్లు బొమ్మల్లా తిరుగుతున్నాయి, వాటిలో ఒకటి అల్లుడిది. ఆయన కర్రతో అవతలి నల్లగోడను చూపించారు. అందులో వరుసగా చీకటి నోళ్ళలా రంధ్రాలు. పాత బాయి సొరంగాలట. పైనుంచి తవ్వుకుంటూ వచ్చిన యంత్రాలు వాటిని బయటపెట్టాయి. "అగో, ఆ మూడోది. నేను తట్ట నెత్తిన వెట్టుకొని తిరిగిన జాగ. ఎన్నడన్న ఆడ ఎండ వడ్తదనుకున్ననా చెల్లే?" అన్నారు. ఆ గొంతులో విచారం లేదు. చిన్నప్పుడు చదివిన బడిని చూపిస్తున్నట్టుగా చూపించారు. చాలాసేపు అలాగే నిలబడి, "పా, చాయ్ తాగుదాం" అని కదిలారు. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. కాలం మనం నడిచిన దారులను మూసుకుంటూ పోతుందనే అనుకునేదాన్ని. ఎవరి దారినైనా ఇలా పగటి వెలుగులోకి తెచ్చి చూపించే ఓపిక కూడా దానికి ఉంటుందని ఆ రోజే తెలిసింది.