తాళం రానివాడి ఆదివారాలు

ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన పెద్దవాడు కాబట్టి బడిని ఆయనకే వదిలేసి, మోటార్లకు తీగ చుట్టే అంగడిలో చేరాను. గిటారు పట్టింది ఆ రోజుల్లోనే. తీగ చుట్టే వేళ్లకు తీగ మీటడం పెద్ద కష్టం కాలేదు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల గోడౌను మీది గదిలో మేము నలుగురం బ్యాండు పెట్టాము. ఫంక్, రెగే, రాక్ కలిపి వాయించేవాళ్లం. అవేమిటని ఎవరైనా అడిగితే "కలగూరగంప" అనేవాణ్ణి. ఇక రెండో ప్రశ్న ఉండేది కాదు.

మా డ్రమ్మరుది పులివెందుల. వాళ్ల నాన్న చెక్కభజన గురువు. నేను మామా అని పిలిచేవాణ్ణి. కాళ్లకు గజ్జెలు కట్టించి, చేతుల్లో కొయ్యచెక్కలు ఆడిస్తూ, ఇరవై మంది చేత ఒకే అడుగు వేయించగల మనిషి. కొడుక్కి లయ ఇచ్చింది ఆయనే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం మాట్లాడి పెట్టిందీ ఆయనే. అందులో చేరితే మా బ్యాండుకు డ్రమ్ములు మిగులుతాయి, డ్రమ్మరు మిగలడు.

"ఒక్కసారి మీ పాట సూసి, వీణ్ణి ఫ్యాక్టరీకి పంపేదీ లేనిదీ అప్పుడు సెప్తా" అన్నాడు మామ.

ఆ ఒక్కసారి జమ్మలమడుగులో వచ్చింది. కొత్తగా తెరిచిన సెల్‌ఫోన్ల అంగడి ముందు, పొద్దున పదిగంటలకు. రెగేలో గిటారు దెబ్బ మీద పడదు, రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడుతుంది. దాని ఊపంతా అక్కడే ఉంది. నేను ఆ ఖాళీలు నింపుతూ తలెత్తి చూస్తే, మామ ముఖం చేదుమాత్ర మింగినట్టుంది. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి, నా ఎదురుగా నిలబడి, నాకు దారి చూపించడానికి గట్టిగా చప్పట్లు కొట్టసాగాడు. ఆయన దెబ్బ మీద, నేను ఖాళీలో. ఆయన నన్ను లాగే కొద్దీ పాట బిగిసింది. జనం కూడా చప్పట్లు కలిపారు. ఊరంతా కలిసి నేర్పినా నేను నేర్చుకోలేదు.

వేదిక దిగగానే మామ పట్టుకున్నాడు.

"ఏంరా అబ్బీ, పాటంతా తాళం తప్పుతానే ఉండావు. అంతమంది కొట్టి సూపిస్తాంటే గూడా ఇనపడల్యా?"

అది తప్పు కాదు, పద్ధతే అని చెప్పబోయాను. డ్రమ్మరు నా కాలు తొక్కాడు.

"వాడు ముందునుంచీ అంతే నాయనా. నేను వెనకాల కొడతాంటే ఎట్లనో నెట్టుకొస్తాండాడు."

"నువ్వు పోతే?"

"మునిగిపోతాడు."

మామ నన్ను జాలిగా చూశాడు. బడి మానేసిన రోజు కూడా నన్నెవరూ అంత జాలిగా చూడలేదు.

"సరే, వీనికి తాళం కుదిరేదాకా ఈడనే ఉండు. రేయ్, నువ్వు ఆదివారం ఆదివారం పులివెందులకు రా. నేను నేర్పిస్తా."

అలా ఇరుక్కున్నాను. తాళం కుదిరిందంటే డ్రమ్మరు ఎర్రగుంట్ల పోతాడు. కుదరలేదంటే నేను మొద్దును. మొద్దుతనంలో కొంత అనుభవం ఉంది కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. ప్రతి ఆదివారం డ్రమ్మరూ నేనూ బస్సెక్కి వెళ్లేవాళ్లం. పద్నాలుగు మంది చెక్కలు ఒక్కసారిగా పడుతుంటే, నా చెక్కలు సరిగ్గా మధ్యలో పడాలి. చెయ్యి ఊరికే వాళ్లతో వెళ్లిపోతుంది. దాన్ని పట్టి వెనక్కి లాగాలి. పక్కనున్నాయన "నీకు ఈ జన్మకు రాదులేప్పా" అని ధైర్యం చెప్పేవాడు.

ఐదో ఆదివారం మామ అందరినీ ఆపి, నన్నొక్కణ్ణే ఎదురుగా నిలబెట్టాడు. ఆయన వేగం పెంచితే పెంచాను, తగ్గిస్తే తగ్గించాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆపేశాడు. నా చెక్కలు మాత్రం ఆ ఖాళీల్లోనే, జారకుండా, ఇంకో నాలుగుసార్లు పడ్డాయి.

"తాళం రానోడు ఇంత కరెక్టుగా తప్పుతాడేందిరా?"

"తప్పు కాదు మామా. మా పాటే అట్లుంటాది."

"మరి యాల సెప్పల్యా?"

"సెప్తే వాడు ఫ్యాక్టరీకి పోతాడని."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. వాడు తలెత్తకుండా కాళ్ల గజ్జెలు విప్పుకుంటున్నాడు. మామ వాణ్ణి చూసి, సెల్‌ఫోను తీసి, ఎర్రగుంట్లలో మాట్లాడి పెట్టిన మనిషికి ఫోన్ చేశాడు.

"మావోడు రాడులేప్పా. ఈడ ఒగనికి తాళం నేర్పిస్తాండాము. శానా దినాలు పట్టేట్టుండాది."

ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు నిజంగా దెబ్బ మీద కొట్టు, సూస్తా."

కొట్టాను. ఈసారి నిజంగానే రాలేదు.