మా అన్న పంపని లొకేషన్

మా అన్నకు ఫోన్లో లొకేషన్ పంపడం రాదు. ఈ ముక్క ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ గూఢచారి సినిమా రెండో భాగం చూసినవాళ్లలో సగం మంది దీన్ని గాలికొదిలేశారు. కూరగాయల బండివాడు తోట ఎక్కడని అడిగితే, "ఎంకపల్లికొచ్చి ఎవలనన్న అడుగు, చూపిస్తరు" అని ఫోన్ పెట్టేసే మనిషి ఆయన. అలాంటివాణ్ణి తెర మీద దేశద్రోహిని చేసి టికెట్లు అమ్ముకున్నారు.

మొదటి భాగంలో కొంత మా ఊరి పక్క ఫామ్‌హౌస్ దగ్గరే తీశారు. మా ఊరు వాళ్లకు సరిహద్దు పల్లెలా కనబడిందట. దెబ్బలు తిని పడివున్న గూఢచారికి నీళ్లిచ్చే రైతు కావాలంటూ, టమాటా తోటలో ఉన్న మా అన్నను మీసం చూసి పట్టుకుపోయారు. అన్న చెంబుతో నీళ్లిచ్చాడు, కొంతదూరం నడిచాడు, వెనక్కి తిరిగి చూశాడు. అంతే, మాట లేదు. ఆ చూపుకే జనం కళ్లు తుడుచుకున్నారు. అందులో ఎంత దయ ఉందో అన్నారు. నిజానికి అది మా వదిన పుట్టింటి రాగి చెంబు. "వాపస్ ఇస్తడో లేదో అని చూసిన" అని అన్న నాకొక్కడికే చెప్పాడు. వాళ్లు ఇవ్వనూ లేదు.

నేను మాత్రం చేవెళ్ల హోటల్లో అన్న పక్కనే కూర్చొని ఛాయ్ తాగుతూ, హీరో మా బోరు నీళ్లు డబ్బాల్లో నింపించుకొని కారులో తీసుకుపోయాడని చెప్పాను. మా కుక్క ఆ కారు వెంట గండిపేట దాకా పరుగెత్తి, ఆటోలో తిరిగొచ్చిందని కూడా చెప్పాను. ఎవరికీ నష్టం లేని అబద్ధాలవి. సినిమావాళ్లు ఆడింది అలాంటిది కాదు.

రెండో భాగానికి ఇంటిల్లిపాదీ నగరం వైపు ఉన్న మాల్‌కు వెళ్లాం. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందు వరుసల్లో మా ఊరివాళ్లు, వెనక గండిపేట అపార్ట్‌మెంట్లవాళ్లు. సినిమా నడుమ అదే దృశ్యం మళ్లీ వచ్చింది. అదే చెంబు, అదే చూపు. మా వరుసలు ఈలలు వేశాయి. ఆ వెంటనే తెర నిండా ఒక చెయ్యి, చేతిలో ఫోను. గూఢచారి ఉన్న చోటు శత్రువులకు వెళ్లిపోయింది. నీళ్లిచ్చిన రైతే అతన్ని పట్టించాడన్నమాట.

ఈసారి ఈలలు వెనక నుంచి వచ్చాయి. మావాళ్లు అన్న వైపు తిరిగారు.

"గా చెయ్యి ఎవనిది? గోర్లల్ల మన్నే లేదు," అంది వదిన హాలంతా వినబడేలా. అన్న మాత్రం తెర వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు.

ఇంటర్వెల్లో ఒక ఇంజనీరు ఎదురుపడ్డాడు. కోస్తా నుంచి వచ్చి చాలా ఏళ్లుగా గండిపేటలో ఉంటున్నాడు, ఆదివారాలు మా తోటకొచ్చి కూరగాయలు కొంటాడు. మంచివాడే.

"మీరు పర్సనల్‌గా తీసుకోకండి. ఫస్ట్ పార్ట్ బాగా స్లో అండి. ఇందులో ఆ ట్విస్ట్ మాత్రం అదిరింది," అన్నాడు.

"మీ అన్నను గిట్ల చేస్తే అదురుతుండెనా?" అన్నాను.

"సినిమానే కదండీ."

సినిమానే అయితే, మొదటి భాగం చూసొచ్చి మా అన్న చెయ్యి పట్టుకొని ఎందుకు మెచ్చుకున్నావయ్యా? ఆ రోజు దయ మా అన్నదైంది, ఈ రోజు ద్రోహం ఉత్త కథ అయిందా? ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చాక తట్టింది. అందుకు ఇంకా మండింది.

మావాళ్లయినా ఒక్క మాట మీద ఉన్నారా అంటే, అదీ లేదు. చేవెళ్లలో ఎరువుల దుకాణం నడిపే మా దోస్తు రెండో భాగమే బాగుందని హోటల్లో వాదించాడు. ఫైటింగులు గట్టిగా ఉన్నాయట. వాదిస్తే వాదించుకోనీ. మర్నాడు మార్కెట్లో కూరగాయలు దింపి ఛాయ్‌కి వచ్చిన అన్నను చూసి, "పటేలా, ఇయ్యాల ఎవలకు పెట్టినవ్ లొకేషన్?" అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి. ఇక రోజూ అదే మాట. అన్నకు అబద్ధం ఆడటం రాదు, ఎదురు మాట అనడం అంతకన్నా రాదు. కొన్నాళ్లకు మార్కెట్ నుంచి నేరుగా ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో వదిన ఇచ్చిన ఛాయ్ కూడా సగం వదిలేసేవాడు. హోటల్లో ఆయన చోటు ఖాళీగా కనబడినప్పుడల్లా, ఆ సినిమా తీసినవాళ్లను పట్టుకొచ్చి ఎండాకాలం మా తోటలో కలుపు తీయించాలనిపించేది.

ఒక పొద్దున బండి టైర్లో గాలి తక్కువుందని చెప్పి, అన్నను హోటల్ పక్క గాలి మిషన్ దగ్గర నిలబెట్టి నేను లోపలికి పోయాను.

"మూడో భాగం షురూ అయింది. డైరెక్టరే మా తోటకు వచ్చిండు," అన్నాను.

"వచ్చి ఏమన్నడు?" అన్నాడు ఎరువులాయన.

"ఆ లొకేషన్ తప్పుడుదట. అన్న కావాల్నని దుశ్మన్లను వేరే తొవ్వ పట్టించిండు. గూఢచారిని బతికించిందే మా అన్న."

కొందరు తలలూపారు. కొందరు నా కుక్క ఆటో ఎక్కిన సంగతి గుర్తుచేశారు. ఎరువులాయన గ్లాసు కింద పెట్టాడు.

"సరే, మరి యాడికి పంపిండు?"

ఎన్నడూ లేనిది, నాకు అబద్ధం నోటికి అందలేదు. సినిమా మీది కోపమే అడ్డొచ్చింది.

"నీ దుకాణానికే," అని గడప దగ్గర నుంచి వినబడింది. అన్న గొంతు. "యూరియా కొనుక్కొని పోయిన్రు. నువ్వే సంచులు మోసి బండ్లె ఏసినవ్, యాదికి లేదా?"

నాకు తెలిసి మా అన్న ఆడిన మొదటి అబద్ధం అదే. మొహం మీద నవ్వు కూడా లేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, "దుశ్మన్లకు బిల్లిచ్చినవా అన్నా?" అని ఎరువులాయన్ని అడిగారు. ఆ నవ్వుల మధ్యే అన్న వచ్చి తన చోట్లో కూర్చొని ఛాయ్ చెప్పాడు.

ఇప్పుడు ఎరువులాయనకు రోజూ ఆ ప్రశ్నే. నాకు జాలేమీ లేదు. సినిమా మీద కోపమూ పోలేదు, పోదు. ఆ పొద్దున అన్న ఛాయ్ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"డైరెక్టర్ నిజంగనే వచ్చిండారా? ఈసారి వస్తే మీ వదిన చెంబు అడుగు."