అంతియోకా అక్క నాలుక

అంతియోకా అక్కకు తన నాలుక మీద నమ్మకం పోయి నలభై ఏళ్లయింది. పెళ్లైన కొత్తలో మొగుడు ఎఫీజియో తన పీపాలోంచి ఎర్ర వైన్ వంచి ఇస్తే ఆమెకు పళ్లు పులిశాయట. పక్కనే ఊరి పెద్దలు నలుగురు గ్లాసులు ఖాళీ చేసి ఆహా అన్నారు. లోపం తనదే అనుకుంది పిచ్చిది. ఆ రోజు నుంచీ మొగుడి ఎదుట నవ్వుతూ తాగింది.

మా ఊళ్లో ఒకరి వైన్ గదికి వెళ్తే పోసిన గ్లాసు ఖాళీ చేయాలి, బాగుందనాలి. ఇంటివాళ్ల ముందు వంక పెట్టినవాడికి ఆ గడప తొక్కే మొహం ఉండదు. ఈ మర్యాద అక్కకూ తెలుసు. కానీ తన మొగుడి వైన్‌కూ అదే జరుగుతోందని ఏ పెళ్లాం అనుకుంటుంది?

కిందటి శరత్కాలంలో, ద్రాక్ష కోతకు వారం ముందు ఎఫీజియో పోయాడు. దినాలన్నీ గడిచాక అక్కే ఆలస్యంగా కోసి, తొక్కించి, పీపాలో పోసింది. ఏప్రిల్లో తెరిచి, పక్కింటిదాన్ని కదా, నన్ను పిలిచింది.

"బొనారియా, తాగి నిజం చెప్పవే."

"బాగుందక్కా."

"నా గదిలో నిలబడి ఇంకేమంటావులే! నాకూ బాగుంది. అదే నా భయం."

"బాగుంటే భయమెందుకు?"

"ఆయనది నాకెప్పుడూ బాగుండలేదే. ఊరందరికీ బాగుండేది. మరి ఇది నాకు బాగుందంటే ఊరికి బాగుండదనేగా?"

నా బుర్ర తిరిగిపోయింది. వచ్చే నెల ఆమె గొర్రెలకు బొచ్చు కత్తిరింపు. ఆ రోజు ఊరంతా వచ్చి తింటుంది, తాగుతుంది. తన వైన్ వల్ల ఎఫీజియో పేరు చెడితే ద్రాక్షతోట మరిదికి ఇచ్చేస్తానని అక్క పట్టు పట్టింది.

మొగుడు ఎవరికి వైన్ పోసినా ముందు వాళ్ల నోట్లో ముదురు చీజ్ ముక్క పెట్టేవాడని, ఆమె కూడా అలాగే తిని తాగింది. చప్పగా ఉందంది. లేత చీజ్‌తో తియ్యగా ఉందంది. ఉడికించిన గొర్రె మాంసంతో తాగి, ఇదే బాగుందంది. మళ్లీ తనే తల పట్టుకుంది. పది రోజులు ఇదే తంతు. ఆమెను చూసి నాకూ నా నాలుక మీద అనుమానం మొదలైంది.

చివరికి నాకు ఒక ఉపాయం తోచింది. మా ఇంట్లో కత్తిరింపు అక్కవాళ్లకంటే వారం ముందు. ఆ రోజు ఆమె వైన్ ఒక కూజా అడిగి తెచ్చి, పట్నంలో కొన్నదని చెప్పి వచ్చినవాళ్లకు పోశాను. కొన్న వైన్‌ను మావాళ్లు తాగకముందే తిడతారు. దానికి మర్యాదలేం ఉండవు.

"కొన్నావా? సిగ్గులేదూ!" అంటూనే ప్రెదు తాత గుటక వేశాడు. బొచ్చు కత్తిరించడంలో ఆయనది ఊళ్లో అందరికంటే పాత చెయ్యి. మాంసం ముక్క నమిలి ఇంకో గుటక వేశాడు. తిట్టలేదు. గ్లాసు ముందుకు చాపాడు.

"ఎవడిదో గానీ, మన ఎఫీజియో పోసే పులిసిన నీళ్ల కంటే వెయ్యి రెట్లు నయం. ఆ చీజ్ ముక్క లేకపోతే వాడి వైన్ గొంతు దిగేదా?"

తాత వెనకే రొట్టెల బుట్టతో అక్క నిలబడి ఉంది. అందరూ చూశారు, ఆయన తప్ప. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మా ఆయన వైన్‌ను అంటావా?" అని బుట్ట బల్ల మీద విసిరికొట్టింది అక్క. అని, మరుక్షణం అయోమయంగా అందరి మొహాలూ చూసింది. "అంటే... మీకూ బాగుండేది కాదా?"

నా మొగుడు మికెలి, ఎఫీజియోకు పిన్ని కొడుకు, నెమ్మదిగా లేచాడు.

"వదినా, ఇప్పుడు వీళ్లు తాగుతున్నది నీదే. పండాక కోశావు గనక బాగుంది. వాడికి ఎన్నిసార్లు చెప్పానో, ఇంకో రెండు వారాలు ఆగి కొయ్యరా అని. వింటేనా!"

"ఎందుకు వినలేదు?"

"'ఆ పులుపంటే మా అంతియోకాకు ప్రాణంరా' అనేవాడు. వాడికి మాత్రం నచ్చేదా? దొంగతనంగా మా వైన్ గదికొచ్చి తాగేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

అక్క బల్ల పట్టుకుని కూర్చుంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"నలభై ఏళ్లు, బొనారియా," అంది. "ఆయన సంతోషపడతాడని రోజూ రెండో గ్లాసు కూడా అడిగి పోయించుకున్నానే."