నర్సింగరావు కుట్టిన రాక్షసులు

మా మరిది నర్సింగరావు ఇక లేడని పోయిన గురువారం ఉదయం నారాయణగూడ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. ఆ గిన్నె పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాను. ముందురోజు సాయంత్రమే కదా, "వదినా, చాయ్‌ల అల్లం జర ఎక్కువెయ్యి" అన్నాడు! గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. అంత తొందరేమొచ్చిందో ఆ భగవంతుడికే తెలియాలి.

చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో అతని కుట్టు దుకాణం ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. బడిపిల్లల యూనిఫారాలు, నాటకాల వేషాలు కుట్టేవాడని అందరికీ తెలుసు. ఒకప్పుడు టీవీ కోసమే చవకగా తీసి ఆదివారం మధ్యాహ్నాలు వేసిన భయం సినిమాల్లో రాక్షసులను, మొసలి మనుషులను కుట్టింది కూడా అతనేనని చాలామందికి తెలియదు. తెర మీద అతని పేరు ఏనాడూ పడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

గోనెసంచి, స్పాంజి, కొబ్బరి పీచు, పాత రెయిన్‌కోటు, రంగు డబ్బా. అతని సృష్టికి ఇవే పంచభూతాలు. ఒకే రాక్షసుని ఒళ్ళు మూడు సినిమాలకు వచ్చేది. కొమ్ములు పీకి తోక కుడితే మొసలి, తోక తీసి జుట్టు పెడితే దయ్యం. ప్లాస్టిక్ చెంచాలతో గోళ్ళు కుట్టడం నా వంతు. "గట్టిగ కుట్టు వదినా, పోయినసారి రాక్షసుని గోరు హీరోయిన్ జడల ఇరికి ఊడొచ్చింది" అనేవాడు.

తొలిరోజుల్లో జరిగిన ఒక సంగతి అతన్ని మార్చేసింది. లోపలి మనిషి కనబడకూడదని డైరెక్టరు పట్టుబడితే రాక్షసుని నోరు మూసి కుట్టాడు. ఊపిరికి చెవుల దగ్గర రెండు రంధ్రాలు వదిలాడు. షూటింగు రోజు పొద్దున, అందంగా ఉంటుందని తానే పీచు జుట్టు అతికించి వాటినీ మూసేశాడు. వేషం వేసుకున్నది విద్యానగర్ యాదగిరి. మండే ఎండలో పరుగెత్తి, రొమ్ము బాదుకుంటూ కూలబడ్డాడు. రాక్షసుడు భలే చచ్చాడని అందరూ చప్పట్లు కొట్టారు. నర్సింగరావు ఒక్కడే కత్తెరతో ఉరికి ఆ మొహాన్ని కోశాడు. కళ్ళు తేలేసిన యాదగిరి నీళ్ళు చల్లాక గాని కదలలేదు. అతను కూలబడేదాకా తీసింది సినిమాలో అలాగే పెట్టారు. మేమంతా టీవీ ముందు కూర్చుంటే నర్సింగరావు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతని చేతిలో తయారైన ప్రతి రాక్షసుడూ జానెడు నోరు తెరుచుకునే ఉండేవాడు. ఇచ్చే ముందు తానే తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం డాబా మీద గంటసేపు తిరిగేవాడు. అదొక వ్రతం.

"ఏంది నర్సింగన్నా, ఇయ్యాల తోకనా, కొమ్ములా?" అని బట్టలారేస్తూ ఎదురింటి లక్ష్మి అడిగేది.

"రెక్కలు! జర పక్కకు జరుగక్కా, నీ తీగెకు తగుల్తయ్."

టీవీలో ఆ నోట్లోంచి యాదగిరి మీసాలు కనబడేవి. గల్లీ గల్లీ నవ్వేది. నేనూ నవ్వాను. "రాక్షసునికి నోట్లె మీసాలేందయ్యా!" అన్నాను.

"నవ్వనీ వదినా. మీసం కదుల్తుందంటే లోపలోడు బతికున్నట్టే."

ఈ మధ్య కాలంలో అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి, ఆ పాత సినిమాలు ఫోన్లలో చూసి పడీపడీ నవ్వేవారు. ఒకమ్మాయి మాత్రం ఇలా అంది: "అన్నా, ఇవి చూస్తే నాకు ధైర్యమొస్తది. అంత పెద్ద భూతం లోపల మనసొంటోడే చెమటలు కక్కుతుండు గదా!" అతని పనికి దక్కిన సత్కారం అదొక్కటే.

అప్పట్లో ఆ సినిమాలు తీసే కంపెనీవాళ్ళు చివరికి నోరు మూసి కుట్టాల్సిందేనన్నారు, లేకుంటే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. "గింత బొక్క కోసం పని ఇడిసిపెడ్తవారా?" అని మా ఆయన కోప్పడ్డాడు.

"ఒక్కసారి చేసిన అన్నా. మళ్ళ నాతోని గాదు."

అంతే, మళ్ళీ రాక్షసుణ్ణి కుట్టలేదు. అంత ఇష్టమైన పని పోయినా నెలల తరబడి ఎండలో డాబా ఎక్కి ఊరికే నిలబడి వచ్చేవాడు.

గురువారం ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు యాదగిరి వచ్చాడు. తల దగ్గర కూర్చుని కదల్లేదు. తీసుకెళ్ళే వేళ మొహం మీద తెల్లగుడ్డ కప్పి బిగిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర వదులుగ కట్టున్రి" అన్నాడు.

మా ఆయనే వంగి ముడి సడలించాడు. ఇంకొకరి ఊపిరి కోసం తన పేరుకు నవ్వులు మూటగట్టుకున్న అటువంటి పనివాడు మాకు మళ్ళీ దొరకడు. వయసులో నాకన్నా చిన్నవాడే. అయినా ఆ రోజు అతని పాదాల దగ్గర చేతులు జోడించాను.