రాతిగదిలో అంగన్‌వాడీ

ఎడపల్లి దగ్గరి ఓ ఊళ్లో రాధాబాయి అంగన్‌వాడీ ఆయా. సొంత భవనం లేక పిల్లలను ఊరి చివరి పాత రాతిగదిలో కూర్చోబెట్టేవారు. ఒకప్పుడది జైనుల గుడి అనేవారు పెద్దలు. విగ్రహం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. నిజాం కాలంలో శిస్తు కట్టని రైతులను అందులో పెట్టి తాళం వేసేవారట. తర్వాత చెరకు తూచే కాటా గుమాస్తా కూర్చున్నాడు. చెరకు తగ్గాక ఎరువుల బస్తాలు చేరాయి. చివరికి సున్నం కొట్టి, గోడలకు చిలకలు గీసి, పిల్లలను తెచ్చారు.

ఆ ఆగస్టులో వాన వారం రోజులు వదల్లేదు. గురువారం రాధాబాయి పప్పు కడుగుతుంటే గిన్నెలో ఇసుక రాలింది. తలెత్తి చూసింది. రాతిదూలానికీ కప్పుకూ మధ్య వేలు పట్టేంత సందు. నిన్న లేదు.

"మేడం, జర పైకి సూడున్రి. రాయి జరిగింది."

టీచర్ సుకన్య రిజిస్టర్ లోంచి తల ఎత్తలేదు. "ఎన్నేండ్ల సంది ఉన్నదక్కా అది. వానకు పెచ్చులు రాలుతయి."

రాధాబాయి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పదకొండు మంది పిల్లలు సరిగ్గా దూలం కిందే కూర్చున్నారు. పైన టక్కుమంది. ఇక ఆగలేకపోయింది. ఇద్దరిని చంకనెత్తుకుని, మిగతావాళ్లను ముందుకు తోలుతూ, వానలోనే ఎదురింటి షమ్సున్నీసా వరండాలోకి పరుగెత్తింది.

"ఏమైందే, గిట్ల ఉరికొచ్చినవ్?" అంది షమ్సున్నీసా.

"గా రాయి పడ్తదని భయమైతుందక్కా."

"పడకుంటే?"

"పడకుంటే నన్నే తిట్టుకోనీ."

రాయి పడలేదు. తడిసిన పిల్లల్లో ఇద్దరికి జ్వరమొచ్చింది. తల్లులు నిష్ఠూరమాడారు. పిరికిదని నవ్వారు కొందరు. శనివారం సుకన్య కచ్చితంగా చెప్పేసింది: "సోమవారం పిల్లలు మళ్ల గదిలనే. లేకుంటే పైకి రాయాల్సొస్తది." ఆదివారమంతా రాధాబాయికి రెండు భయాలు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, పిల్లలను మళ్లీ ఆ కప్పు కిందికి తీసుకెళ్లాలన్న భయం ఒకటి.

సోమవారం అందరికన్నా ముందే వెళ్లింది. తాళం తీసి తలుపు నెట్టింది. తలుపు సగమే కదిలింది. ఆ సందులోంచి చూస్తే ఎప్పుడూ చీకటిగా ఉండే గదిలో తెల్లటి వెలుగు, పైన ఆకాశం, కింద చాపల మీద అడ్డంగా రెండు ముక్కలైన దూలం. ఆదివారం హోరువానలో కప్పు కూలిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

వెనక సుకన్య వచ్చి నిలబడింది. రాధాబాయి భుజం గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు అంగన్‌వాడీ షమ్సున్నీసా వరండాలో నడుస్తోంది. ఇప్పటికీ వాన పెరిగితే రాధాబాయి కప్పు కూలితే బయటపడే వీలుగా పిల్లలను వరండా అంచుకు జరిపి పడుకోబెడుతుంది.