పాల క్యాన్లలో పసుపు రంగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అద్దకంలో మూడు నెలల శిక్షణ, దాని తాలూకు సర్టిఫికెట్, మెడలో వేలాడే ఒక కార్డు ఉన్నాక మనిషికి ఇంకేం కావాలి? హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే మా ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే. అందుకని పొద్దున్నే పాలు పితికే అమ్మకు కూడా నూలు రంగుల మీద ఉపన్యాసం ఇచ్చేదాన్ని. అమ్మ ఓపికగా విని, "బర్రె బెదురుతది బిడ్డా, జర మెల్లగ చెప్పు" అనేది.

ఉద్యోగం పురానాపూల్ దగ్గర ఒక అద్దకం షెడ్డులో. కొండలెక్కేవాళ్ల కోసం నూలు జాకెట్లు కుట్టే కంపెనీకి అక్కడ బట్టకు రంగు వేసేవారు. ఏ రోజు ఏ రంగు వేశారో మురుగు పారే మోరీ చూసి గల్లీ అంతా చెప్పేది. ఆ మోరీ వెళ్లి మూసీలో కలిసేది. ఇకమీదట రంగు నీళ్లు బయటికి వదిలితే ఆర్డర్లు ఇచ్చేది లేదని కంపెనీ తేల్చి చెప్పింది. మొక్కల రంగుతో, వాడిన నీళ్లనే మళ్లీ వాడుతూ ఒక విడత పసుపు బట్ట చేసి చూపిస్తే సరి, లేకపోతే షెడ్డు మూసుకోవడమే. అక్కడ పనిచేసే తొమ్మిది మంది పొట్టలు ఆ పసుపు మీద ఆధారపడ్డాయి. ఆ పసుపేమో నా మీద ఆధారపడింది. (ఇప్పుడు తలుచుకుంటే వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలనిపిస్తుంది.)

రంగు దానిమ్మ తొక్కలది. పురానాపూల్ నుంచి దబీర్‌పురా దాకా జ్యూస్ బండ్లన్నీ తిరిగి, స్కూటీ మీద గోనె సంచి నింపుకొచ్చేదాన్ని. "మేకలు ఎన్ని ఉన్నయక్కా?" అని ఒక బండి అతను రోజూ అడిగేవాడు. మెడలో కార్డు సర్దుకుని, "కంపెనీ పని" అనేదాన్ని. అతను అర్థమైనట్టు తల ఊపి, మేకలకు మంచిదని ఇంకో నాలుగు తొక్కలు ఎక్కువ వేసేవాడు.

షెడ్డులో అందరికన్నా పెద్దవాడు, అందరూ చిన్నాన్నలా 'చిచ్చా' అని పిలిచే మనిషి. ముప్ఫై ఏళ్లుగా డబ్బాల్లో వచ్చే రంగులే కలిపిన చిచ్చా, తొట్టిలో తొక్కలు ఉడుకుతున్న వాసన రాగానే చిన్నపిల్లాడైపోయాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, "పటిక జర తక్కువైంది. మా అబ్బా గిట్లనే చూస్తుండె" అన్నాడు, వాళ్ల నాన్నను తలుచుకుని. నేను ఊరుకోవాలి కదా? "నోట్ల పెట్టుకోవద్దు చిచ్చా. పులుపెంతుందో చూసేదానికి కాగితం ఉంది" అన్నాను. "కాగితం అంత చెప్తదా బేటీ?" "అంత చెప్తది." చిచ్చా వేలు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మొదటి సగం బట్ట లేత ఎండలా వచ్చింది. మిగిలిన రంగు నీళ్లు రెండో సగానికి దాచాలి, ఖాళీ డ్రమ్ములు లేవు. పాలవాళ్ల పిల్లకు ఏం తడుతుంది? ఇంట్లో మూలన పడున్న పాత ఇనుప క్యాన్లు తెచ్చాను. "కళాయి పోయినయే అవి, పాలు పాడైతున్నయని పక్కకు పెట్టిన" అంది అమ్మ. "పాలు కాదమ్మా, ఇది సైన్సు" అన్నాను. రెండు రోజులయ్యాక ఆ నీళ్లు తొట్టిలో పోసి కాగితం ముంచితే, అంతా బాగుందని చెప్పింది. చిచ్చా అలవాటుగా వేలు ఎత్తాడు, నా వైపు చూసి దించేశాడు. గంట తరువాత బట్ట పైకి లాగితే, మా బర్రెలు పొర్లే గుంట రంగులో వచ్చింది.

చిచ్చా ఈసారి నన్ను అడగలేదు. వేలు నాలుక మీద పెట్టుకుని, కళ్లు తెరిచి, ముందు తుప్పు పట్టిన క్యాన్లను చూశాడు, తరువాత నన్ను. ఇనుము తగిలితే దానిమ్మ పసుపు నల్లబడుతుందని నా సర్టిఫికెట్‌లో లేదు. సరిగ్గా అప్పుడే షెడ్డు యజమాని సేటు వచ్చాడు. "క్యా హువా?" అన్నాడు. "నాదే గల్తీ సేట్. తొట్టి సరిగ్గ కడగలె" అన్నాడు చిచ్చా. నేను నోరు తెరిచాను. ఉద్యోగం పోతుందని భయమేసింది. ఇంట్లో అమ్మ ముఖం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు. సేటు క్యాన్ల పక్క నుంచే నడుచుకుంటూ వెళ్లి, "ఇంకొక్కసారి చెయ్యిండ్రి" అన్నాడు.

రెండోసారి కాగితం తీయలేదు. "చిచ్చా, జర చూడు" అన్నాను. ఆయన చూశాడు, పటిక వేయించాడు. పసుపు వచ్చింది, షెడ్డు నిలిచింది. మోరీ ఇప్పుడు మామూలు మోరీలాగే ఉంది. పాడైన బట్టతో చిచ్చా నాకొక జాకెట్ కుట్టించి ఇచ్చాడు. చలికాలమంతా బండి మీద అదే వేసుకుంటాను.

పోయిన చలికాలం దబీర్‌పురాలో చిచ్చా ఇంటికి వెళ్లాను. పని మానేశాడు, చూపు తగ్గింది. ఎన్నేళ్లుగానో గుండెలో మోస్తున్నది చెప్పేశాను. క్యాన్లు నావని, తప్పు నాదని. చిచ్చా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గది అందరికి ఎర్కే బేటీ. సేటుకు గూడ ఎర్కే. ముప్ఫై ఏండ్ల సంది రంగేస్తున్నోడు పాల క్యాన్ల రంగు పోస్తడా?"

"మరి ఎవ్వరు ఒక్క మాట గూడ అనలేదేంది?"

"అంటె తెల్లారి నువ్వు రాకపోతుంటివి. తొక్కలెవరు తెస్తరు?" అని నా చెయ్యి తడిమి, జాకెట్ గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూసి, "రంగు మంచిగనే పట్టింది" అన్నాడు.

నేను తొమ్మిది మంది దగ్గర రహస్యం దాచాననుకున్నాను. తొమ్మిది మందీ కలిసి నా దగ్గర దాచారట. తిరిగి వస్తుంటే మెడలో కార్డు వేసుకు తిరిగిన అప్పటి నాలోని ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దానిమీద కోపం లేదు. వేలు ఎత్తి దించేసిన మనిషి ముఖం ఆ రోజు ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే బాగుండేది, అంతే.